ఎడమ సీటు

వాకర్‌ని వెనక సీట్లో పడుకోబెట్టాం.
దుప్పటి కప్పమన్నాడు నాన్న.
అల్యూమినియం ఎండకి కాలిపోతుందట,
నలభై ఏళ్ళు మిరప తొడిమలు తుంచిన చేతులకి
ఇంకో మంట ఎందుకట.

పొద్దున తొమ్మిదికే కృష్ణలంకలో
తారు చెప్పుని పట్టుకుని వదలడం లేదు.

ఏలీయా, రిటైర్డు డ్రైవరు, విజయవాడ డిపో,
ముప్పై ఒక్క ఏళ్ళు గుంటూరు ఆర్డినరీ,
కుడికంట్లో శుక్లం తీసి పన్నెండు రోజులు,
నల్ల కళ్ళద్దాలతో
నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి
ఎడమ సీట్లో.

నేను గేరు మార్చినప్పుడల్లా
ఆయన ఎడమ చెయ్యి గాల్లో ఒకసారి కదిలి
మళ్ళీ మోకాలి మీద కూర్చుంటుంది.
కుడికాలు మాత్రం కూర్చోదు,
అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

వారధి కింద కృష్ణ
ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుంది,
మిగతా మంచమంతా ఇసుక.
ఇసుకలో గేదెలు, ఒక క్రికెట్టు ఆట,
ఆరేసిన చీరలు, మూలమూలకీ రాయి.
"హారను" అన్నాడు.
ముందు ఎవరూ లేరు నాన్నా.
"ఇక్కడ కొట్టాలి. అలవాటు."
కొట్టాను.

మంగళగిరి దాటాక ముంజెలు.
అమ్మే కుర్రాడు పోల్చుకోలేదు,
చెట్టు కింద వాళ్ళ తాత పోల్చుకున్నాడు:
"ఒంటిగంటన్నర బండి గదూ మీది!"
డబ్బులు తీసుకుని రెండు ముంజెలు ఎక్కువేశాడు.
నాన్న అద్దాలు సర్దుకున్నాడంతే.
కాజ టోలు దాకా కాస్త నిటారుగా కూర్చున్నాడు.

టోలు దగ్గర ఫాస్టాగ్ మోగలేదు.
వెనకాల ఒకటే హారన్లు.
"ముందుకి చూడు. తిట్టేవాడికి నీ పేరు తెలీదు."

పెదకాకానికి ముందు
రోడ్డు ఎర్రగా ఉంది.
నా కాలు వణికింది.
మిరపకాయలు.
యార్డుకి పోయే లారీకి తాడు తెగి
ఇరవై టిక్కీలు చిరిగి
నడిరోడ్డు మీద తేజా మిరప.
మీదనుంచి పోయిన ప్రతి చక్రం కిందా ఘాటు లేచి
బస్సులు తుమ్ముతున్నాయి,
పెళ్ళికి పోతున్న బ్యాండుమేళం తుమ్ముతోంది,
కానిస్టేబులు టోపీలో మొహం దాచుకుని
డివైడరెక్కి నిలబడ్డాడు.
క్లీనరు కుర్రాడొక్కడే
చొక్కా విప్పి దోసిళ్ళతో ఎత్తుతున్నాడు,
ఎత్తిందానికన్నా జారిందే ఎక్కువ.

వద్దంటున్నా దిగాడు.
డాక్టరేం చెప్పాడు నాన్నా, అన్న అరుపు
సగంలో తుమ్మై పోయింది.
తువ్వాలు మొహానికి చుట్టుకుని
రోడ్డు మధ్యన చెయ్యి ఎత్తాడు.
లారీ ఆగింది. వోల్వో ఆగింది.
ఇటు వదిలి అటు ఆపి, అటు వదిలి ఇటు ఆపి
అరగంట,
డిపో గేటు దగ్గర నిలబడ్డట్టే.
ఆటోల్లోంచి ఆడవాళ్ళు దిగి కొంగులు బిగించి ఊడ్చారు,
గోనెల్లోకి కొంత, ఒళ్ళోకి కొంత.
ఆ కొంత ఎవరూ చూడలేదు, అందరూ చూశారు.

ఏటుకూరు రోడ్డులో రాహేలత్త,
తుంటికి కట్టు, తలకింద రెండు దిళ్ళు.
వాకర్‌ని తడిమి "చల్లగానే ఉందే" అంది.
వెంటనే ముక్కు ఎగబీల్చింది:
"తేజా. తాలు లేదు, మంచి సరుకు. ఎక్కడ దొర్లారు?"
నాన్న గోడ గడియారం చూసి
"యాభై రెండు నిమిషాలు లేటు" అన్నాడు,
ఆమెకీ నాకూ కాదు,
అక్కడ లేని కంట్రోలరుకి.

మంచం మీదికి వంగమని
తమ్ముడి కంట్లో చుక్కలు తనే వేసింది.
వేలు తగలనివ్వకుండా,
కొంగు చివరతో రెప్ప పట్టుకుని.
ఆ పని మానేసి ఆరేళ్ళయింది.

తిరుగుదారిలో చీకటి, గాలిదుమారం.
నంబూరు దగ్గర నాలుగు చినుకులు
అద్దం మీద పడి బురదయ్యాయి.
వైపరు మీట దొరక్క "నాన్నా" అన్నాను.
జవాబు లేదు.
తల కిటికీకి ఆనించి గురక,
రెండు కాళ్ళూ కదలకుండా.
నేనే వెతుక్కున్నాను.

వారధి ఎక్కాక
ముందు ఎవరూ లేకపోయినా
ఒకసారి హారను కొట్టాను,
చిన్నగా,
ఆయన లేవనంత.